అంజిలయ్య చేతి మీద పేరు

మా నాన్న బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఇనుప ముక్కల మందం కొలిచే కాలిపర్ ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోంచి బయటికి పొడుచుకుని ఉండేది. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే దాన్ని తీసి, "ఎంత మందముంటదో చెప్పు, కొలుద్దాం" అనేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. దయ్యాలను నమ్మలేదు, నమ్మేవాళ్లతో వాదించనూ లేదు. ఇరవై రెండేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. ఎందరి కళ్లు మూశానో నాకు గుర్తు లేదు. పోయినవాళ్లు తిరిగి రారని పుస్తకాలు చదివి తెలుసుకోలేదు, పనిలో తెలుసుకున్నాను.

ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగినది జరిగిన వరసలో ఒకచోట ఉండాలి. అంతే.

మంజుల నా చెల్లెలు. నాకంటే ఆరేళ్లు చిన్నది. నన్ను చూసే నర్సింగ్‌లో చేరింది, నాకంటే బాగా చదివింది, ఆపరేషన్ థియేటర్ నర్సు అయింది. నగరంలో పదేళ్లు పనిచేశాక, యుద్ధం జరిగే చోట్ల మామూలు జనానికి వైద్యం చేసే ఒక సంస్థలో చేరి వెళ్లిపోయింది. సంస్థ పేరు, దేశం పేరు ఇక్కడ రాయను. ఒక స్కూలు భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు. తరగతి గదుల్లో మంచాలు. నల్లబల్ల మీద మందుల పేర్లు. అంతవరకు ఫొటోల్లో చూశాను.

నేను హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు ప్రాంగణంలో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకుంటాను. డాక్టరు గారు మధ్యాహ్నం రెండు గంటలు ఉంటారు. మిగతా వేళ నేనే. తలనొప్పి, కడుపులో మంట, మెడ పట్టేయడం. సెక్యూరిటీ వాళ్లు నన్ను 'గోలీల సారు' అంటారు. మంజుల దానికే నన్ను ఏడిపించేది.

"ఏమన్నా, ఇయ్యాల ఎంతమందికి గ్యాస్ గోలీలిచ్చినవ్?"

"నలభై మందికి."

"అబ్బో, మీ దిక్కు యుద్ధం జోరుగనే నడుస్తున్నట్టుందే!"

నవ్వేది. వెనకాల ఎవరో అరుస్తున్నట్టు వినిపించేది. ఉంటానన్నా అని పెట్టేసేది.

ఆమె పని గురించి రెండు సంగతులు చెప్పాలి. అవి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మొదటిది, రక్తం ఆపే పట్టీ. చేతిలోనో కాలిలోనో పెద్ద రక్తనాళం తెగితే, గాయానికి పైన ఒక వెడల్పాటి పట్టీ వేసి, దానికున్న చిన్న కడ్డీని మెలితిప్పి బిగిస్తారు. ప్రాణం నిలుస్తుంది. కానీ దాదాపు రెండు గంటలు దాటితే ఆ చెయ్యో కాలో చచ్చుబడడం మొదలవుతుంది. అందుకే ఎప్పుడు కట్టారో ఆ టైము మనిషి ఒంటి మీదే రాస్తారు. కాగితం పోతుంది, ఒళ్లు పోదు. ఒకసారి సెలవులో వచ్చినప్పుడు మంజుల నాకు అలాంటి పట్టీ ఒకటి ఇచ్చింది. "మీ ఆఫీసుల అక్కరకు రాదు గని, సొరుగుల పడుండనియ్యి. కట్టినంక టైం రాయి అన్నా. టైం రాయకుంటె కట్టనట్టే లెక్క" అంది.

రెండోది, పేర్లు. అక్కడ గాయపడి వచ్చినవాళ్లలో చాలామంది అసలు పేరు చెప్పరట. పేరును బట్టి ఏ ఊరివాళ్లో, ఎవరి పక్షమో తెలిసిపోతుందని భయం. దొంగపేరుతో చనిపోయినవాళ్లను వెతుక్కుంటూ ఇంటివాళ్లు వచ్చినా దొరికేవాళ్లు కాదు. అందుకని మంజుల మత్తు ఇచ్చే ముందు రోగి తల వైపు కూర్చుని, చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, అసలు పేరు అడిగి మోచేతి కింద రాసేది. ఆపరేషన్‌కు ముందు చర్మం మీద గీతలు పెట్టే ఊదారంగు పెన్నుతో. మేమంతా రాస్తే అక్షరాలు మా వైపు తిరిగి ఉంటాయి, చదవాల్సింది మేమే కాబట్టి. ఆమె మాత్రం రోగి వైపు తిప్పి రాసేది.

"లేవంగనే తన పేరు తనే సదువుకోవాలన్నా. నేను బతికే ఉన్నా అని అప్పుడు ఎరుకైతది."

పేర్లు రాయడానికి సరిపడా ఆ దేశపు అక్షరాలు కూడా నేర్చుకుంది. కాలు పోయిన ఒక పంతులమ్మ మంచంలో పడుకునే నేర్పిందట.

ఆ స్కూలు మీద బాంబులు పడ్డ రోజు ఉదయం నేను గోలీలు లెక్కపెట్టి డబ్బాల్లో సర్దుతున్నాను. మంజుల ఇక లేదని ఫోను సాయంత్రం వచ్చింది. పెట్టె రావడానికి పదకొండు రోజులు పట్టింది. శంషాబాద్‌లో కార్గో వైపు వెళ్లి తెచ్చుకున్నాం. లోపల రేకు, బయట చెక్క, చుట్టూ సీలు. తెరవవద్దని కాగితంలో ఉంది. కింద నేనే సంతకం పెట్టాను.

అమ్మ నాతోనే ఉంటుంది, హఫీజ్‌పేట్‌లో. పెట్టె దగ్గర కూర్చుని ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ముఖం వద్దు బిడ్డా. ఎట్లున్నదో నాకు దెల్సు. ఒక్క చెయ్యి సూపియ్యిండ్రి. చెయ్యి జూస్తె నాకెరుకైతది."

తెరవకూడదమ్మా అన్నాను. కాగితం చూపించాను. నిజం ఏమిటంటే నాకు భయమేసింది. ఇంకొకటి కూడా ఉంది. అమ్మకు చెప్పలేదు. మంజులను డ్యూటీ కోటు మీద ఉన్న పేరును బట్టి గుర్తుపట్టామని సంస్థవాళ్లు రాశారు. అక్కడ కోట్లు తక్కువ, ఎవరు డ్యూటీకి వస్తే వాళ్లు చేతికి దొరికింది వేసుకుంటారని మంజులే ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది. ఆ పెట్టెలో ఉన్నది ఎవరో నాకు ఖాయంగా తెలియదు. ఎవరికైతే నిప్పు పెట్టానో వాళ్లకు మంజుల పేరు చెప్పి పెట్టాను.

ఆ తర్వాత అమ్మ నెలకోసారైనా ఆ మాట ఎత్తేది. కోపంగా కాదు. అన్నం తింటూ తింటూ ఆగి, "ఒక్కపారి చెయ్యి సూపిచ్చి ఉంటే అయిపోవు గదరా" అనేది. నేను తల దించుకుని తినేవాణ్ణి.

అలా ఏడాదిన్నర గడిచింది.

మా ప్రాంగణంలో రెండో టవరు కడుతున్నారు. ఒకరోజు పొద్దున, పదకొండు దాటిందనుకుంటాను, సెక్యూరిటీ యాదగిరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు, ఎప్పుడూ పరుగెత్తగా చూడలేదు.

"సార్, జల్ది రా సార్! కటింగ్ మెషిన్ బ్లేడు ఇరిగి మనిషి తొడల దిగింది. నెత్తురు ఆగుతలేదు!"

సొరుగులోంచి ఆ పట్టీ తీసుకుని పరుగెత్తాను. ఇంకేమీ తీసుకోలేదు. ఈ ముక్క ముఖ్యం. పెన్ను తీసుకోలేదు.

సిమెంటు బస్తాల పక్కన ముప్పై అయిదేళ్ల మనిషి పడి ఉన్నాడు. ఎడమ తొడ. రక్తం ఎగసి ఎగసి వస్తోంది. ఇరవై రెండేళ్లలో అలాంటిది రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పక్కన డాక్టర్లు ఉన్నారు. చుట్టూ జనం. "బాలరాజూ, ఓ బాలరాజూ, కండ్లు తెరువు" అని సూపర్‌వైజరు అరుస్తున్నాడు. మెడలో గేట్ పాస్ వేలాడుతోంది. దాని మీదా బాలరాజు అనే ఉంది. జనాన్ని వెనక్కి జరగమని, నేను ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టీ వేసి కడ్డీ తిప్పాను. రక్తం ఆగేదాకా తిప్పాను. ఆగింది. తర్వాత అంబులెన్స్ వచ్చేదాకా రెండు చేతులతో ఆ కడ్డీ పట్టుకునే ఉన్నాను. దాన్ని బిగించి ఉంచడానికి పట్టీకే ఒక కొక్కెం ఉంటుంది. నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. అంత కంగారులో ఉన్నాను.

టైము చూసుకోలేదు. రాయలేదు. మంజుల నాకు చెప్పిన ఒకే ఒక్క పని అది.

ఈ సంగతి ఆసుపత్రి గేటు దగ్గర గుర్తొచ్చింది. దారిలో ఫ్లైఓవర్ కింద చాలాసేపు ఇరుక్కుపోయాం. క్యాజువాలిటీలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే.

"పట్టీ ఎప్పుడు కట్టారు?"

"పదకొండున్నర అయి ఉంటుందండీ" అన్నాను. నాకు అలాగే అనిపించింది.

ఆమె అతని కుడి చెయ్యి తిప్పి చూసింది. "మరి ఇక్కడ పదకొండూ ఎనిమిది అని ఉందే? రాసింది మీరు కాదా?"

మోచేతి కింద, లోపలి వైపు, ఊదారంగులో రెండు వరసలు ఉన్నాయి. మొదటి వరసలో తెలుగులో 'అంజిలయ్య'. కింద 11:08.

చెయ్యి పక్కకు చాపి ఉంది. నేను కాళ్ల వైపు నిలబడ్డాను. నాకు ఆ అక్షరాలు తలకిందులుగా కనిపించాయి. అతనికి మాత్రం తిన్నగా ఉన్నాయి.

గోడ గడియారంలో అప్పటికి ఒంటిగంటా పది. డాక్టరమ్మ ఆగలేదు. పదకొండున్నర అయితే ఇంకో ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నట్టు, పదకొండూ ఎనిమిది అయితే లేనట్టు. లోపల వేరే కేసు సిద్ధంగా ఉంది. దాన్ని ఆపి ఇతన్ని తీసుకుపోయారు. ఆ చెయ్యి కడిగేస్తారని తెలుసు కాబట్టి స్ట్రెచర్ తిప్పేలోపు ఫోనుతో ఒక ఫొటో తీశాను.

వెనకే వచ్చిన సూపర్‌వైజరు కౌంటరు దగ్గర బాలరాజు అని రాయిస్తున్నాడు. చేతి మీద వేరే పేరుందని చెప్పాను.

"ఎవరో పిచ్చిరాత రాసిండ్రు సార్. పాస్ నా దగ్గరుంది గదా, సూడుండ్రి."

పాస్ వెనక ఉన్న నంబరుకు నా ముందే ఫోన్ చేశాడు. మాట స్పష్టంగా వినిపించింది.

"ఆ, నేనే బాలరాజును. జ్వరమొచ్చి ఇంట్ల పండుకున్న. ఏమాయె?"

సూపర్‌వైజరు ఫోనులోనే అతన్ని చాలా తిట్టాడు.

సంగతి ఇది. బాలరాజుకు జ్వరం. రెండు రోజులు రాకపోతే పనిలోంచి తీసేస్తారని భయపడి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి మొన్ననే వచ్చిన బావను తన పాస్ మీద పంపాడు. బావ పేరు అంజిలయ్య. సైట్‌లో అతని పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు. అది అతని రెండో రోజు. బాలరాజు అని పిలిస్తే పలకమని చెప్పి పంపారట. అతను ఇంకా లోపల ఉండగానే అతని భార్య వచ్చి, అంజిలయ్య భార్యనని చెప్పి, ఆపరేషన్ కాగితాల మీద వేలిముద్ర వేసింది. చేతి మీద ఆ పేరే లేకపోతే, అతను చనిపోయి ఉంటే, కాగితాల్లో చనిపోయింది బాలరాజు. అప్పుడు నాకు గుర్తొచ్చింది మంజుల పేరున్న ఆ కోటు.

అంజిలయ్య బతికాడు. కాలు నిలిచింది. కాస్త కుంటుతాడు.

అయిదో రోజు వెళ్లి చూశాను. పేరు ఎవరికి చెప్పావని అడిగాను. పాస్ గొడవ గురించి అడుగుతున్నానేమో అనుకుని మొదట భార్య వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నర్సమ్మ అడిగింది సార్. నా తల కాడ కూసున్నది. చెయ్యి ఒళ్లె వెట్టుకున్నది. 'పాస్ మీది పేరు గాదు తమ్మీ, నీ అసలు పేరు జెప్పు, నేనెవలకు జెప్ప' అన్నది. మీతోని వచ్చిన నర్సమ్మే గదా సార్?"

ముఖం చూశావా అన్నాను.

"లే సార్. ఎండ కండ్లల్ల గొట్టింది. చెయ్యి సల్లగుండె."

అంత రక్తం పోయినవాడికి ఏమైనా కనిపిస్తుంది, వినిపిస్తుంది. నాకు తెలుసు. ఎవరికైనా అదే చెప్పేవాణ్ణి. అలాంటి మనిషి చెప్పింది సాక్ష్యం కాదు. అందుకని మిగిలినవి నాకు చేతనైనంత జాగ్రత్తగా చూశాను.

మా గదిలో ఊదారంగు పెన్ను లేదు. ఎప్పుడూ లేదు. సైట్‌లోనూ లేదు. ఇలాంటి పెన్నులు ఆ ఆసుపత్రి థియేటర్‌లో ఉంటాయి. కానీ అంబులెన్స్ డ్రైవరు ఆ రాత ఫ్లైఓవర్ కింద ఆగినప్పుడే చూశానన్నాడు. "మీరే రాసిండ్రనుకున్న సార్" అన్నాడు. అప్పటికి మేం ఆసుపత్రికి అరగంట దూరంలో ఉన్నాం. పోనీ, నేనే రాసి మరిచిపోయానా? ఇది చాలా రోజులు ఆలోచించాను. మనిషి కంగారులో చేసిన పని మరిచిపోవడం ఉంది. కానీ నాకు తెలియని పేరు నేను ఎలా రాస్తాను?

ప్రమాదం మీద విచారణ కోసం కెమెరా రికార్డింగ్ తీశారు. యాదగిరి నన్ను కంట్రోల్ రూంలో కూర్చోబెట్టి చూపించాడు. నేను కడ్డీ బిగించడం అయిపోయేసరికి తెర మూలలో పదకొండు ఎనిమిది. ఆ తర్వాత నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి, అంబులెన్స్ వచ్చేదాకా. జనం చాలా వెనక ఉన్నారు. అతని తల వైపు ఎవరూ లేరు. సిమెంటు బస్తాలు, ఎండ.

అతని కుడి చెయ్యి నేల మీద ఉంది. ఒకచోట అది లేచింది. నేలకు జానెడు ఎత్తున, అరచెయ్యి పైకి, కదలకుండా ఆగింది. కింద ఆనుకోవడానికి ఏమీ లేదు. అర నిమిషం పైగా అలాగే ఉండి, మెల్లగా దిగింది. పడలేదు, దిగింది. స్పృహ లేని మనిషి చెయ్యి అలా నిలవదు.

యాదగిరి రెండుసార్లు చూపించాడు, మూడోసారి తిప్పలేదు. "చాలు సార్, ఛాయ్ తాగుదాం పా" అన్నాడు. ఆ సంగతి ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. అతని ముఖం చూస్తే అతనికీ మాట్లాడాలని లేదని తెలుస్తుంది.

అమ్మకు చెప్పాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఒక ఆదివారం వంటింట్లో అమ్మ డబ్బాలు తుడుస్తోంది. వాటి మీద మంజుల కాలేజీ రోజుల్లో తెల్ల ప్లాస్టర్ ముక్కలు అంటించి పేర్లు రాసింది. మిరియాలు, ధనియాలు, మెంతులు. రంగు వెలిసింది కానీ చదవడానికి వస్తాయి. నేను ఆ ధనియాల డబ్బా చూస్తూ నిలబడిపోయాను. అమ్మ అడిగింది ఏందిరా అని. ఫోను తీసి ఆ ఫొటో ఇచ్చాను.

అమ్మకు చదువు అంతంత మాత్రం. ఫోను దగ్గరగా పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూసింది. ఎవరి చెయ్యి అని అడగలేదు. ఎప్పుడు, ఎక్కడ అని అడగలేదు. ధనియాల డబ్బా తీసి, ఫోను పక్కన బండ మీద పెట్టింది. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూసింది. నేనూ చూశాను. అలా పోల్చి చూసే పని ఫొటో తీసిన రోజు నుంచి వాయిదా వేస్తూ వచ్చాను. రెండింటిలోని 'య' ఒకే చేతిది. ఒకే చేతిదని నేను కోర్టులో చెప్పలేను. ఇక్కడ చెబుతున్నాను.

"ఎక్కడా వణకలే" అంది అమ్మ.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చెయ్యి. ఎక్కడా వణకలే సూడు. నొప్పుంటే గిట్ల రాయనీకి రాదు బిడ్డా."

ఫోను నాకు ఇచ్చేసి, డబ్బా మూత తీసి, లోపల తడి తగిలిందేమో చూసి, మళ్లీ దాని చోట పెట్టింది.

నాకు అది చాలదు. ఆ పెట్టెలో ఉన్నది ఎవరో నాకు ఇంకా తెలియదు. అంజిలయ్య చేతి మీద రాసింది ఎవరో తెలియదు, ఎలా రాశారో తెలియదు. నాన్న కాలిపర్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఆయన ఉంటే ఏమనేవాడో కూడా ఊహించలేకపోతున్నాను. ఫస్ట్ ఎయిడ్ గదిలో ఇప్పుడు కొత్త పట్టీ ఉంది. దానితోపాటు ఊదారంగు పెన్ను ఒకటి కొని పెట్టాను. ఇంతవరకు అవసరం పడలేదు.

అమ్మ మాత్రం ఆ ఆదివారం తర్వాత, అన్నం తింటూ ఆగి, చెయ్యి చూపించి ఉంటే బాగుండేదని మళ్లీ అనలేదు.